నెత్తి మీద యాంటెన్నా: యాటిక్‌లో హామ్ రేడియో ఎంతవరకు క్షేమం?

అమెరికాలో కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్న హామ్‌కు, అంటే అభిరుచితో రేడియో నడిపేవారికి, యాంటెన్నా కట్టుకోవడానికి చాలాసార్లు ఒక్క చోటే మిగులుతుంది. అది వాలు కప్పుకూ పడకగది సీలింగుకూ మధ్య ఉండే యాటిక్. పెరట్లో స్తంభం పాతినా, కప్పు మీద తీగ లాగినా ఇంటి యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ, నోటీసు పంపుతుంది. ఇల్లు కొనేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లోనే ఆ నిషేధం ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో స్థిరపడిన మనవాళ్లకు హెచ్‌ఓఏ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ విషయంలో చట్టం హామ్‌కు సగం దూరమే తోడు వచ్చింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, పొట్టిగా ఎఫ్‌సీసీ, 1985లో ఇచ్చిన పీఆర్‌బీ-1 ఉత్తర్వు రాష్ట్రాలకూ నగరపాలక సంస్థలకూ కళ్లెం వేసింది కానీ ప్రైవేటు ఒప్పందాల జోలికి పోలేదు. 1996 నాటి మరో నిబంధన టీవీ యాంటెన్నాలనూ, మీటరు లోపు డిష్‌లనూ హెచ్‌ఓఏల నుంచి కాపాడింది. హామ్ యాంటెన్నాలకు అందులో చోటు లేదు. ఆ లోటు పూడ్చే బిల్లు 2016లో ఒకసారి, 2017లో మరోసారి ప్రతినిధుల సభ దాటి కూడా చట్టం కాలేకపోయింది. అలా తీగ యాటిక్‌లోకి చేరింది. దాని వెంటే ఒక ప్రశ్న ఇంట్లోకి వచ్చింది: పిల్లలు పడుకునే గదికి సరిగ్గా పైన 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ తీగ ఉండవచ్చునా?

దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తుంటాయి. ‘దశాబ్దాలుగా వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అనేది మొదటిది. ‘రేడియేషన్ అంటే క్యాన్సరే, తీసెయ్యండి’ అనేది రెండోది. రెండింటిలోనూ లెక్క లేదు. ఏ బ్యాండు, ఏ మోడ్, ఎన్ని వాట్లు, అతి దగ్గర మనిషి తల ఎంత దూరంలో ఉంది అన్న నాలుగు సంగతులు తెలియనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు. అవి తెలిస్తే జవాబు చాలావరకు స్పష్టంగానే వస్తుంది. ఈ వాదంలో పడి, యాటిక్‌లో అంతకంటే ముందు మనిషికి హాని చేయగల నిప్పునూ, కరెంటునూ, కాలు జారడాన్నీ మరిచిపోతున్నారన్నది నా ఆందోళన.

ముందుగా రేడియో తరంగాల సంగతి. ఇవి ఎక్స్‌రే కిరణాల్లాగా అణువుల్ని విడగొట్టలేవు. బాగా రుజువైన హాని వేడి. దేహం కిలోకు 4 వాట్లు పీల్చుకుంటే ప్రయోగ జంతువుల ప్రవర్తనలో మార్పు కనిపించడం మొదలవుతుందని తేలింది. అందులో పదో వంతు, అంటే 0.4 వాట్లు, ఆ పనిలో ఉన్నవాళ్లకు పరిమితిగా పెట్టారు. యాభయ్యో వంతు, అంటే 0.08 వాట్లు, సామాన్య జనానికి. ఎఫ్‌సీసీ పట్టికలు ఈ పునాది మీదే నిలిచాయి. నిలబడిన మనిషి దేహమే ఒక యాంటెన్నాలా స్పందించి ఎక్కువ శక్తిని పీల్చుకునేది 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య కాబట్టి అక్కడ పరిమితి అన్నిటికంటే కఠినం. సామాన్య జనానికి చదరపు మీటరుకు 2 వాట్లే. కిందికి వచ్చేకొద్దీ అది సడలుతుంది. 28 మెగాహెర్ట్జ్ (10 మీటర్ల బ్యాండు) దగ్గర సుమారు 2.3 వాట్లు, 14 (20 మీటర్లు) దగ్గర 9 దాటుతుంది, 7 (40 మీటర్లు) దగ్గర 36 దాటుతుంది. 40 మీటర్ల బ్యాండుకు పనికొచ్చిన యాటిక్ తీగ 10 మీటర్ల బ్యాండుకు వచ్చేసరికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

వేడి కాక మరేదైనా ఉందా అన్న ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వర్గంలో చేర్చింది. హామ్‌ల మీదే నేరుగా జరిగిన అధ్యయనం కూడా ఒకటుంది. వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో లైసెన్సున్నవారి మరణాలను శామ్యూల్ మిల్హామ్ పరిశీలించి 1988లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద హామ్‌ల మరణాల రేటు సామాన్య జనం కంటే తక్కువే. కొన్ని రకాల రక్త క్యాన్సర్లు మాత్రం ఎక్కువగా కనిపించాయి. అయితే లైసెన్సు ఉండటమే అక్కడ కొలమానం. ఎవరి యాంటెన్నా ఎక్కడుంది, ఎవరు ఎన్ని గంటలు ప్రసారం చేశారు అన్నది అందులో లేదు. చాలామంది హామ్‌లు ఎలక్ట్రానిక్స్ కొలువుల్లో ఉంటూ టంకం పొగలూ ద్రావకాలూ పీల్చినవారు. ఈ ఒక్క అధ్యయనాన్ని చూసి బెంబేలెత్తడం తగదు, కొట్టిపారేయడమూ తగదు. పరిమితిని ఆనుకుని బతకకుండా, వీలైనంత దూరంగా ఉండటానికి అది చాలినంత కారణం.

ఇక లెక్క. 2021 మే 3కు ముందు అమెరికాలో ఒక్కో బ్యాండుకు ఇన్ని వాట్లు దాటకపోతే స్టేషన్‌ను పరిశీలించనక్కర్లేదన్న మినహాయింపు ఉండేది. 20 మీటర్ల బ్యాండులో 225 వాట్లు, 10 మీటర్లలో 50. మామూలు 100 వాట్ల రేడియో ఉన్న హామ్‌కు చాలా బ్యాండుల్లో ఆ బాధ్యతే ఉండేది కాదు. యాంటెన్నా ఎక్కడుందో, ఎవరికి ఎంత దగ్గరో పట్టించుకోని ఆ మినహాయింపును ఎఫ్‌సీసీ తీసేసింది. అప్పటికే ఉన్న స్టేషన్లకు 2023 మే 3 దాకా గడువిచ్చింది. ఇప్పుడు మినహాయింపు కావాలన్నా దూరాన్ని లెక్కలోకి తీసుకోవలసిందే. హామ్‌లు కొందరు దీన్ని పెత్తనంగా చూశారు. యాటిక్ యాంటెన్నా కింద బతికే కుటుంబం వైపు నుంచి చూస్తే ఇది ఎప్పుడో రావలసిన మార్పు.

ఈలోగా గాలిలో మరో మార్పు వచ్చింది. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ కలిసి ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్‌ను విడుదల చేశారు. బలహీనమైన యాంటెన్నాతోనూ ఖండాలు దాటించగలదు కాబట్టి యాటిక్ హామ్‌లకు అది వరమైంది. క్షేమం లెక్కను తలకిందులు చేసిందీ అదే. మాటల మోడ్ అయిన ఎస్‌ఎస్‌బీలో 100 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు సగటున 20 వాట్లే పంపుతుంది. అందులో సగం సమయం వింటూ గడుస్తుంది కాబట్టి చివరికి సగటు 10 వాట్లు. ఎఫ్‌టీ8లో ప్రతి 30 సెకండ్లలో దాదాపు 12.6 సెకండ్లు పూర్తి శక్తితో ప్రసారం సాగుతుంది. సగటు 42 వాట్లు. రేడియో అదే, నాబ్ మీద అంకె అదే, ఇంట్లో పడే శక్తి నాలుగు రెట్లు. మాటలూ మోర్స్ కోడూ వాడిన రోజుల్లో పుట్టిన ‘వంద వాట్లకు భయం లేదు’ అన్న ధీమా ఎఫ్‌టీ8కు వర్తించదు.

ఎఫ్‌సీసీ 65వ బులెటిన్‌లోని సూత్రంతో, నేల నుంచి తిరిగొచ్చే తరంగాన్ని కూడా కలుపుకుని, మధ్యలో ఫీడ్ చేసే తీగ అయిన డైపోల్‌కు లెక్క కడితే 28 మెగాహెర్ట్జ్‌లో 100 వాట్ల ఎస్‌ఎస్‌బీకి కావలసిన దూరం సుమారు 1.2 మీటర్లు. ఎఫ్‌టీ8కు సుమారు రెండున్నర మీటర్లు. ఇప్పుడు ఈ అంకెల్ని ఒక మామూలు అమెరికన్ ఇంట్లో పెట్టి చూద్దాం. పై అంతస్తు పడకగది సీలింగు ఎత్తు 8 అడుగులు, అంటే 2.4 మీటర్లు. డైపోల్‌ను యాటిక్ శిఖర దూలం వెంబడి, సీలింగుకు 2 మీటర్ల పైన కట్టారనుకుందాం. మంచం మీద పడుకున్నవారి తలకు దూరం 3.8 మీటర్లు. ఆరడుగుల మనిషి నిలబడితే 2.6 మీటర్లు. ఎఫ్‌టీ8 కూడా అంచు మీద గట్టెక్కింది. అదే తీగను తేలిగ్గా పని అవుతుందని సీలింగు దూలాల మీదే పరిచేస్తే నిలబడిన తలకు 60 సెంటీమీటర్లు, పడుకున్న తలకు 1.8 మీటర్లు. ఎస్‌ఎస్‌బీ కూడా దాటదు. నిచ్చెన ఎక్కి శిఖరం దాకా తీగ లాగిన ఒక్క సాయంత్రపు శ్రమ ఇక్కడ తేడా తెచ్చింది. యాటిక్ పక్కనే వాలు గోడ చాటున గది ఉన్న ఇళ్లలో శిఖరం కూడా దగ్గరే అవుతుంది. ఆ గదిని కొలతలో మరవకూడదు.

దూరం పెంచే వీలు లేకపోతే వాట్లు తగ్గించవచ్చు. శక్తిని నాలుగో వంతు చేస్తే కావలసిన దూరం సగమవుతుంది. 25 వాట్ల ఎఫ్‌టీ8కు 1.2 మీటర్లు చాలు, ఆ వాట్లతో ప్రపంచమంతా అందుతుంది కూడా. ఇందుకు విరుద్ధంగా, చట్టం అనుమతించే 1500 వాట్లకు పోతే 28 మెగాహెర్ట్జ్ ఎఫ్‌టీ8కు తొమ్మిదిన్నర మీటర్లు, ఎస్‌ఎస్‌బీకి 4.7 మీటర్లు కావాలి. అంత ఖాళీ ఏ పడకగదికీ పైన ఉండదు. యాంప్లిఫయర్‌కూ యాటిక్‌కూ పొత్తు కుదరదు.

పై లెక్కకు ఒక హద్దు ఉంది. యాంటెన్నాకు తరంగదైర్ఘ్యంలో ఆరో వంతు కంటే దగ్గరగా వెళ్తే విద్యుత్ క్షేత్రమూ అయస్కాంత క్షేత్రమూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఆ హద్దు 28 మెగాహెర్ట్జ్‌లో 1.7 మీటర్లు, 14లో 3.4, 7లో 6.8. అంటే 40 మీటర్ల బ్యాండులో యాటిక్ కింద పడుకున్నవాళ్లూ, 20 మీటర్ల బ్యాండులో నిలబడినవాళ్లూ ఆ సమీప క్షేత్రంలోనే ఉన్నట్టు. అక్కడ సాదా సూత్రం మీద ఆనుకోకూడదు. ఎఫ్‌సీసీ దూరం మినహాయింపు కూడా అక్కడ వర్తించదు. డైపోల్ కొసల దగ్గర విద్యుత్ క్షేత్రం, మధ్యలో అయస్కాంత క్షేత్రం ఎక్కువగా ఉంటాయి. యాటిక్‌లో పరుచుకున్న కరెంటు తీగలూ, లోహపు గొట్టాలూ ఆ శక్తిని అందుకుని ఊహించని మూల దాకా మోసుకుపోతాయి. ఈ బ్యాండులకు ఎన్‌ఈసీ లాంటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌తో క్షేత్రాల్ని వేసి చూసుకోవడమే సరైన దారి. ఈ బ్యాండుల్లో పరిమితి సడలింపుగా ఉండటం వల్ల 100 వాట్లతో చాలా ఇళ్లు గట్టెక్కుతాయన్నది నా నమ్మకం. ఆ మాట లెక్క వేశాక చెప్పుకోవాలి.

నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోవద్దంటాను. సంగతి తెలిసిన కుటుంబ సభ్యులను కూడా ఆ పనిలో ఉన్నవారితో సమానంగా, ఐదు రెట్లు సడలించిన పరిమితి కింద లెక్కించవచ్చని ఎఫ్‌సీసీ 1997లో హామ్‌ల కోసం వెలువరించిన అనుబంధం అంటుంది. పొరుగువారికి మాత్రం కఠినమైన పరిమితే. నాలుగేళ్ల పాపకు ‘సంగతి తెలుసు’ అనడంలో అర్థం లేదు. పక్కింటివాళ్లకు ఇచ్చిన రక్షణ మన ఇంట్లో నిద్రపోయేవాళ్లకు ఇవ్వకపోవడం ఎలా సమంజసం? అందుకే పై లెక్కలన్నీ సామాన్య జనం పరిమితితోనే కట్టాను.

చోటు తక్కువైనవారు ఆశ్రయించే మాగ్నెటిక్ లూప్ గురించి గట్టిగా హెచ్చరించాలి. మీటరు వ్యాసం కూడా లేని ఆ వలయంలో 100 వాట్లకే వేల వోల్టులు కెపాసిటర్ మీద నిలబడతాయి, వలయంలో పదుల ఆంపియర్లు తిరుగుతాయి. బల్ల పక్కన పెట్టుకుని వాడేవాళ్లున్నారు. చిన్నదిగా కనిపించడం వల్ల మనిషి దాని దగ్గరికి పోతాడు, అక్కడే దాని అయస్కాంత క్షేత్రం అతి తీవ్రం. 5 వాట్లు మించితే లూప్ ఉన్న గదిలో మనిషి ఉండకూడదన్న నియమం పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు నిప్పు. కొసన ఫీడ్ చేసే అర తరంగ తీగ ఈమధ్య యాటిక్‌లలో బాగా వాడుకలోకి వచ్చింది. దాని 49:1 ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 100 వాట్లకు దాదాపు 500 వోల్టులు, ఉచ్చస్థాయిలో 700 ఉంటాయి. 1500 వాట్లకు ఉచ్చస్థాయి 2700 దాటుతుంది. తీగ కొసలు తాకేది ఎండిన కలప, కాగితం పూత ఉన్న ఇన్సులేషన్, ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము. కొసల్ని కలపకు మేకుతో కొట్టెయ్యకుండా ఇన్సులేటర్లతో గాలిలో వేలాడదీయాలి. తొడుగున్న తీగే వాడాలి. ట్రాన్స్‌ఫార్మర్, బాలన్ లోపలి ఫెరైట్ కోర్ డిజిటల్ మోడ్‌లలో గంటల తరబడి కాగుతుంది. ఎండాకాలంలో యాటిక్ 60 డిగ్రీల సెల్సియస్ చేరుతుంది కాబట్టి అది చల్లారే వీలు కూడా తక్కువ. దాన్ని ఇన్సులేషన్ కింద పూడ్చిపెట్టడం చేజేతులా నిప్పు తెచ్చుకోవడమే. తీగ నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ ఉన్నట్టుండి పెరిగితే ట్యూనర్‌తో సర్దేసి ప్రసారం కొనసాగించకూడదు. ఆపి, పైకి వెళ్లి చూడాలి.

అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ 810వ అధికరణం ప్రకారం భవనం లోపల ట్రాన్స్‌మిటర్ తీగలు కరెంటు తీగలకు కనీసం 4 అంగుళాల ఎడంగా ఉండాలి. నా మాట వింటే ఇంకా చాలా ఎక్కువ ఎడం ఉంచండి. తరంగాల ప్రభావానికి ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు పడిపోవడం, పొగ అలారాలు ఉత్తినే మోగడం యాటిక్ హామ్‌లకు పరిచయమే. అలారం గోల భరించలేక దాని తీగ పీకెయ్యడం ఈ మొత్తం వ్యవహారంలో అతి పెద్ద పొరపాటు. నిప్పు పుట్టే అవకాశం ఉన్న చోటే నిప్పు సంగతి చెప్పే సాధనాన్ని నోరు మూయించినట్టవుతుంది. ఫీడ్ దగ్గర ఫెరైట్ చోక్ పెట్టి, కోయాక్స్ తొడుగు మీద కరెంటు పారకుండా చూస్తే ఈ గోల చాలావరకు తగ్గుతుంది. మైకు ముట్టుకుంటే చురుక్కుమనడమూ తగ్గుతుంది.

పైకి ఎక్కేటప్పటి ప్రమాదాలు ఇంకా సూటివి. దూలాల మధ్య ఉండేది జిప్సం బోర్డు మాత్రమే. కాలు పడితే మనిషి కింది గదిలో తేలుతాడు. దూలాల మీద పలక పరచుకుని, తెల్లవారుజామున, కింద ఒకరిని ఉంచి ఎక్కాలి. పాత ఇళ్లలో గులకరాళ్లలా మెరిసే వర్మిక్యులైట్ ఇన్సులేషన్ కనిపిస్తే దాన్ని కదపకుండా వెనక్కి రావాలి. మోంటానా రాష్ట్రం లిబ్బీ గని నుంచి 1990 దాకా వచ్చిన ఆ సరుకులో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. అది ఉందనే భావించాలని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెబుతోంది. 1940లకు ముందు కట్టిన ఇళ్లలో పింగాణీ గుబ్బల మీద సాగే పాతకాలపు కరెంటు తీగలు ఇంకా జీవంతో ఉండవచ్చు. చేతికందే దూరంలో అవి ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవకుండా పని మొదలుపెట్టవద్దు. లోహపు కప్పో, రేకు అతికించిన కప్పు పలకలో ఉంటే సిగ్నల్ బయటికి పోదు, చాలావరకు కిందికే మళ్లుతుంది. అలాంటి ఇంట్లో యాటిక్ ఆలోచనే మానుకోవాలి. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవారుంటే ప్రసారం మొదలుపెట్టకముందే వారి వైద్యుణ్ని అడగాలి.

మన దగ్గర వాలు కప్పు యాటిక్‌లు అరుదు. కానీ హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఉంది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎందరినో హామ్‌లను చేసింది. 2004 డిసెంబరు సునామీ వేళ ఆ సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి వార్తలు చేరవేసింది. అటువంటి సేవ చేసే అభిరుచికి ఇంట్లో చోటు దొరకాలనే నా కోరిక. కానీ గదిలోపల ఏడడుగుల ఎత్తున ఉండే మన అటక మీద తీగ పరిస్తే నిలబడిన తలకు అది అర మీటరు కూడా ఉండదు. గోడకు తీగ అతికిస్తే అవతలి ఫ్లాట్‌లో మంచం దానికి ఆనుకునే ఉండవచ్చు, వాళ్లకు ఆ సంగతే తెలియదు. మొబైల్ టవర్లకు భారత ప్రభుత్వం 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతిస్తోంది. ఆ టవర్లను చూసి ఆందోళన చెందే పొరుగువారికి గోడ అవతలి హామ్ కనీసం తన లెక్క చూపగలగాలి. మనకున్న అదృష్టం డాబా. అపార్ట్‌మెంట్ సంఘాన్ని ఒప్పించి డాబా మీద తీగ కట్టుకోవడం ఇంటిలోపలి ఏ ఏర్పాటు కంటే మేలు.

శిఖరానికి కట్టిన తీగతో, 100 వాట్లు మించకుండా, ఎస్‌ఎస్‌బీ గానీ మోర్స్ గానీ వాడే హామ్ లెక్క వేసి చూసుకుంటే యాటిక్ యాంటెన్నాను నిశ్చింతగా వాడుకోవచ్చని నా తీర్పు. 10 మీటర్ల బ్యాండులోనూ ఆపైనా ఎఫ్‌టీ8 వాడేవారు 25 వాట్లకు దిగాలి. మీ ఇంట్లో తీగకు అతి దగ్గరి మంచాన్ని టేపుతో కొలవండి. బ్యాండు బ్యాండుకూ లెక్క కట్టి ఆ కాగితాన్ని రేడియో పక్కన గోడకు అంటించండి. లైసెన్సు లేని ఇంటివాళ్లు చదివినా అర్థమయ్యేలా తెలుగులో రాయండి.